ఆ చార్టు పిల్లల చేతికే వదిలేయండి

ఫిబ్రవరి 28 దగ్గర పడుతోంది. సి.వి. రామన్ 1928లో తన పేరుతో నిలిచిపోయిన ఆవిష్కరణ చేసిన రోజది. జాతీయ విజ్ఞాన దినోత్సవం. ఆ వారం మన బ్రాంచీలన్నిటిలో సైన్స్ ఎగ్జిబిషన్ ఉంటుంది. అంటే ఈ నెలలో కనీసం ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు మీ హాల్లో చార్టు పేపరు పరిచి ఉంటుంది. చుట్టూ స్కెచ్ పెన్నులు, ఫెవికాల్ డబ్బా, గ్లిట్టర్ ట్యూబులు, కత్తిరించిన ప్రింటవుట్లు. అమ్మ బోర్డర్ గీస్తూ ఉంటుంది. నాన్న హెడ్డింగు దిద్దుతూ ఉంటారు. ఎవరి పేరు మీద ఆ చార్టు బడికి వెళ్తుందో ఆ బాబో పాపో అప్పటికే నిద్రపోయి ఉంటారు.

ఇంకో దారి కూడా ఉంది. సందు చివర జిరాక్స్ షాపుకి వెళ్లి "ఏడో తరగతి, నీటి చక్రం" అంటే చాలు, పోయినేడాది ఎవరికో చేసిన ఫైలు వాళ్ల కంప్యూటర్లో రెడీగా ఉంటుంది. పేరు మార్చి, కలర్ ప్రింట్ తీసి, గుండ్రంగా చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చేస్తారు.

ఈ రెండు రకాల చార్టులూ చివరికి డ్రాయింగ్ టీచర్ల టేబుళ్ల మీదికి వస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ పక్కన నిలబడ్డ పిల్లవాణ్ణి "ఈ బాణం ఇటెందుకు వెళ్లింది నాన్నా?" అని అడిగితే బిక్కమొహం వేస్తాడు. బాణం పెట్టింది తను కాదు మరి. అదే వరసలో నాలుగో బల్ల దగ్గర, పెన్సిల్‌తో తనే గీసుకొచ్చిన ఇంకో పాప ఉంటుంది. గీతలు వంకర, హెడ్డింగు చివరి రెండక్షరాలు ఇరుక్కుపోయి ఉంటాయి. కానీ ఆపకుండా చెప్తుంది. ఇద్దరి చార్టులూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఎక్కువగా మెచ్చుకునేది మొదటిదాన్నే. ఆ పాప మొహం అప్పుడు ఎలా ఉంటుందో చూసేది మేము.

అందుకే నా మాట సూటిగా చెప్తాను. ఈసారి చార్టు మీరు చేయకండి. షాపులో చేయించకండి. ఫోన్లో టెంప్లేట్ దించి ప్రింటు తీయించకండి. దానికి బదులు గ్రాఫిక్ డిజైన్‌లోని మొదటి నాలుగైదు సంగతులు మీ పిల్లలకి చెప్పి, మిగతాది వాళ్లకి వదిలేయండి. ఇవి చెప్పడానికి మీకు బొమ్మలు వేయడం రానక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. ఒక పెన్సిలు, ఒక స్కేలు, రెండు రంగులు చాలు.

"మా వాడికి డ్రాయింగ్ అస్సలు రాదు మేడమ్" అని పేరెంట్ మీటింగులో చాలామంది అంటారు. రాకపోతే ఏం? డ్రాయింగు వేరు, డిజైను వేరు. ఏనుగుని ఏనుగులా వేయడం డ్రాయింగు. ఒక విషయం చూసేవాళ్ల కంటికి త్వరగా, తప్పు లేకుండా అందేలా కాగితం మీద అమర్చడం డిజైను. బస్సు ముందు ఊరి పేరు రాసే బోర్డులో బొమ్మే ఉండదు. అయినా పరిగెత్తుకొచ్చేవాడు దూరం నుంచే చదివి ఎక్కగలిగితే ఆ బోర్డు మంచి డిజైను. మందుల చీటీలో ఏ పూట ఏ మాత్రో వెతుక్కోవలసి వస్తే అది చెడ్డ డిజైను.

ఇందులో మొదటి పాఠం మీ అందరికీ ముందే తెలుసు. ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు శుభలేఖ వేయించి ఉంటారు కదా. ఆ రోజు ఎంత చర్చ నడిచిందో గుర్తు తెచ్చుకోండి. దేవుడి బొమ్మ పైన ఎంత ఉండాలి, వధూవరుల పేర్లు ఎంత పెద్దగా ఉండాలి, తాతగారి పేరు ముందా తల్లిదండ్రుల పేర్లు ముందా, ముహూర్తం ఎక్కడ, కల్యాణ మండపం పేరు ఎక్కడ, "బంధుమిత్రుల అభినందనలతో" కింద ఎంత చిన్నగా. ఎవరి పేరు తగ్గినా అలకలు. ప్రెస్సు అతను ఓపిగ్గా నాలుగు ప్రూఫులు తీసిచ్చి ఉంటాడు. ఆ చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: చదివేవాళ్ల చూపు మొదట దేని మీద పడాలి, తర్వాత దేని మీద పడాలి? గ్రాఫిక్ డిజైన్ నేర్చుకునేవాళ్లకి మొదటి రోజు చెప్పేది ఇదే. ముఖ్యమైనది పెద్దది, తర్వాతది దాని కన్నా చిన్నది, మిగతావి ఇంకా చిన్నవి. చాలామందికి మూడు సైజులు చాలు. నాలుగోది వచ్చిందంటే పిల్లవాడు ఇంకా తేల్చుకోలేదన్నమాట.

రోడ్డు మీద ఫ్లెక్సీలు చూడండి. ముప్ఫై మొహాలు, ముప్ఫై పేర్లు, అన్నీ ముఖ్యమే. సిగ్నల్ దగ్గర ఆగిన ఆ నిమిషంలో ఎవరి పుట్టినరోజో కూడా తెలియదు. పిల్లల చార్టులు కూడా ఆ ఫ్లెక్సీల దారిలోనే వెళ్తున్నాయి. సూర్యుడూ పెద్దవాడే, మేఘమూ పెద్దదే, హెడ్డింగూ పెద్దదే, చివరికి స్కూలు పేరు కూడా పెద్దదే. మా బ్రాంచి ప్రిన్సిపల్ ఏమనుకున్నా సరే, చార్టులో స్కూలు పేరు కింద మూలన చిన్నగా ఉంటే చాలని నా అభిప్రాయం.

రెండో పాఠం వాకిట్లో ఉంది. సంక్రాంతి వెళ్లి ఎన్నో రోజులు కాలేదు. "15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క" అని చెప్తే ఇంట్లో అమ్మమ్మ కళ్లు మూసుకుని పెట్టేస్తుంది. ముందు చుక్క, చుక్క నుంచి గీత, గీత మూసుకుంటే ఆకారం, ఆకారాన్ని మళ్లీ మళ్లీ వేస్తే వరస, ఆ వరసకి నాలుగు వైపులా సమతూకం. పాశ్చాత్య డిజైన్ పుస్తకాలు కూడా సరిగ్గా ఇదే క్రమంలో మొదలవుతాయి: చుక్క, గీత, ఆకారం. మన పిల్లలు ఆ పుస్తకం తెరవక ముందే దాని మొదటి అధ్యాయం మీద నడిచి బడికి వస్తున్నారు.

ముగ్గులో ఇంకో సంగతి ఉంది, అది చాలామంది గమనించరు. చుక్కలు పెట్టేటప్పుడు అమ్మమ్మ ముందు చూసేది వాకిలి ఎంత ఉందని. తలుపు నుంచి ఎంత వదలాలి, నడిచేవాళ్లకి పక్కన ఎంత దారి ఉండాలి. ఆ వదిలిన ఖాళీ వల్లే ముగ్గు ముగ్గులా కనిపిస్తుంది. చార్టు దగ్గరికి వచ్చేసరికి మనకి ఖాళీ అంటే భయం. ఎక్కడ తెల్లగా కనిపించినా ఒక పువ్వో, నక్షత్రమో, స్మైలీ స్టిక్కరో పెట్టేస్తాం, లేకపోతే "తక్కువ కష్టపడ్డారు" అనుకుంటారని. ఖాళీ కూడా చార్టులో ఒక భాగమే, దానికీ పని ఉంది. ఒక విషయాన్ని పక్క విషయం నుంచి విడదీసేది అదే. పిల్లలకి ఒక చిన్న నియమం చెప్పండి: నాలుగు అంచుల నుంచీ రెండేసి అంగుళాలు వదిలేయమనండి, అందులోకి ఏదీ రాకూడదు, బోర్డర్ కూడా. మామూలు చార్టు పేపరు 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉంటుంది. రెండేసి పోయినా 18 బై 24 మిగులుతుంది. ఏడో తరగతి పాఠం ఏదైనా అందులో హాయిగా పడుతుంది.

రంగుల సంగతికి వద్దాం. పిల్లలకి పన్నెండు రంగుల స్కెచ్ పెన్నుల ప్యాకెట్టు కొనిస్తే పన్నెండూ వాడాలనుకుంటారు. తప్పు లేదు, కొన్నది వాడటానికే. కానీ రైల్వే స్టేషన్లో ఊరి పేరు బోర్డు ఎలా ఉంటుందో అడగండి. పసుపు మీద నలుపు. కదులుతున్న రైల్లోంచి, మసక వెలుతుర్లో కూడా కనబడాలి కాబట్టి ఆ జత. ఇప్పుడు అదే పసుపు స్కెచ్ పెన్నుతో తెల్ల చార్టు మీద ఒక మాట రాసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడమనండి. మాట మాయమైపోతుంది. రంగు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు. దాని వెనక ఏ రంగుందన్నదే ప్రశ్న. దీన్ని పరీక్షించడానికి మీ ఫోన్ పనికొస్తుంది: చార్టు ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఏ మాట కనబడకుండా పోయిందో దాని రంగు మార్చాలి.

రంగు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి వంటింట్లోనే ఉదాహరణ ఉంది. బిస్కెట్ ప్యాకెట్ మీద చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి చాలా ఏళ్లు అదే చతురస్రంలో గోధుమరంగు చుక్క ఉండేది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా పట్టలేని కళ్లున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకి ఆ రెండు చుక్కలూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల్లో మాంసాహారం గుర్తుని చుక్క నుంచి త్రికోణానికి మార్చింది. ఇప్పుడు రంగు తెలియకపోయినా ఆకారం చెప్పేస్తుంది. పిల్లల్ని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లి ఇది చూపించండి. పది నిమిషాల క్లాసు కన్నా ఇది బాగా గుర్తుంటుంది. తరగతిలో కూడా రంగుల తేడా పట్టలేని పిల్లలు ఉంటారు, చాలాసార్లు వాళ్లకే తెలియదు. "ఎర్రవి ధమనులు, నీలంవి సిరలు" అని రంగుతో పాటు పక్కన మాట కూడా రాయడం వాళ్ల కోసం.

ఆకారానికి ఉన్న బలం మన దేశానికి ఎన్నికలప్పుడు బాగా తెలిసొచ్చింది. 1951 జనాభా లెక్కల్లో అక్షరాస్యత సుమారు 18 శాతం. అలాంటి దేశంలో 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిపారు. పేరు చదవలేనివాళ్లు ఓటెలా వేస్తారు? గుర్తు చూసి వేస్తారు. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. ఇప్పటికీ ఆ గుర్తులన్నీ వట్టి నల్ల గీతల బొమ్మలే. సోషల్ చార్టు చేసే పిల్లలకి ఇంతకన్నా మంచి నమూనా ఉండదు. నాలుగు గీతల్లో నాగలి వేయగలిగితే, ఇంటర్నెట్ నుంచి దించిన మసక ఫొటో అంటించక్కర్లేదు.

ఇక అక్షరాలు. ఈ ఒక్క విషయం మీద కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే మన చార్టులన్నిటిలో అన్యాయమైపోతున్నది తెలుగు చార్టు. ఇంగ్లీషు చార్టుకి చూపించే శ్రద్ధలో సగం కూడా దానికి దొరకడం లేదు. కారణం పిల్లలు మాత్రమే కాదు. మనం వాడే టెంప్లేట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల కొలతలతో తయారైనవి. ఇంగ్లీషు వరసలో అక్షరాలు చాలావరకు రెండు గీతల మధ్యే నిలబడతాయి. తెలుగు అలా కాదు. "శాస్త్రం" అని రాసి చూడండి. పైన తలకట్టు, గుణింతం. కింద తావత్తు, రావత్తు. "రాష్ట్రం" కూడా అంతే. అక్షరానికి కింద ఒక అంతస్తు ఉంది. రెండు వరసలు దగ్గర దగ్గరగా పెడితే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. ఇంగ్లీషు పెట్టెలో తెలుగు వాక్యం పడేస్తే జరిగేది అదే. జిరాక్స్ షాపు చార్టుల్లో వత్తులు సగం తెగిపోయి కనిపించేది అందుకే. పిల్లలకి చెప్పవలసింది ఒక్క మాట: తెలుగులో రెండు వరసల మధ్య కనీసం ఒక అక్షరం ఎత్తు ఖాళీ వదలాలి.

ఇంకో తేడా. ఇంగ్లీషులో పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు అని రెండు రకాలున్నాయి. హెడ్డింగంతా పెద్దబడిలో రాస్తే అదే హెడ్డింగని తెలిసిపోతుంది. తెలుగుకి ఆ సదుపాయం లేదు, ఉన్నది ఒకటే బడి. కాబట్టి ముఖ్యమైన మాట ముఖ్యమైనదని చెప్పడానికి మనకి సైజు, మందం, రంగు, చుట్టూ వదిలిన ఖాళీ మాత్రమే సాధనాలు. ఇది లోటని నేననుకోను. తెలుగులో హెడ్డింగు పెట్టడం నేర్చుకున్న పిల్లకి ఏ భాషలోనైనా పెట్టడం వస్తుంది. పైగా మన మాటలు పొడుగు. ఇంగ్లీషులో "ఫొటోసింథసిస్" ఒక్క మాట. తెలుగులో "కిరణజన్య సంయోగక్రియ". ఒకే వరసలో ఇరికించాలని చూస్తే చివరి అక్షరాలు గోడకి నొక్కుకుపోతాయి. అది రెండు మాటలే కదా, మాట దగ్గర విరిచి రెండు వరసల్లో రాయమనండి. ఎక్కడ విరవాలో వెతుక్కునేటప్పుడే "కిరణజన్య" అంటే వెలుతురు కిరణాల వల్ల పుట్టినదని పాపకి తట్టడం నేను చూశాను. సైన్సు టీచరు అది చెప్పే ఉంటారు, కానీ రాసే చేతికి తట్టడం వేరు.

చేతిరాత బాగోదని భయపడే పిల్లలకి బాపు గారి సంగతి చెప్తాను. ఆయన బొమ్మలెంత ప్రసిద్ధమో చేతిరాతా అంతే. ఆ రాత ఆధారంగా కంప్యూటర్ ఫాంటు కూడా వచ్చింది. ఎన్నో శుభలేఖలు, పుస్తకాల అట్టలు ఆ తీరులోనే ఉంటాయి. ముత్యాల్లా ఉండటం దాని గొప్పతనం కాదు. ప్రతి అక్షరం ఒకే మనిషి రాసినట్టు ఉంటుంది, అదీ దాని అందం. మీ పిల్లల రాత ముత్యాల్లా లేకపోయినా, పెన్సిల్‌తో పైనా కిందా సన్న గీతలు కొట్టుకుని, ఒకే ఎత్తులో, ఒకే మందంలో నింపాదిగా రాస్తే చార్టుకి అది చాలు. గీతలు తర్వాత చెరిపేయొచ్చు. ఎంత ఎత్తు అంటే, బోర్డులు రాసేవాళ్లకి ఒక మోటు లెక్క ఉంది: పదడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తు. ఎగ్జిబిషన్ హాల్లో జనం నిలబడేది సుమారు అంత దూరంలోనే. ఎనిమిదో తరగతి దాటి కంప్యూటర్లో చేసే పిల్లలైతే ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి. హెడ్డింగుకి రామభద్ర, లోపలి మాటలకి మండలి పెట్టి ఇక ఆపేయమనండి. ఒక చార్టులో రెండు ఫాంట్లు దాటితే గొడవే.

ఇప్పుడు ఆ నీటి చక్రం చార్టే తీసుకుని చూద్దాం. ముందు చార్టు పేపరు కొనకండి. ఒక పాత నోట్‌బుక్ కాగితం మీద అగ్గిపెట్టె సైజులో మూడు పెట్టెలు గీయమనండి. ఒక్కో పెట్టెలో ఒక్కో రకంగా ఆ చార్టుని మోటుగా వేయాలి. పది నిమిషాలు చాలు. అంత చిన్న పెట్టెలో పువ్వులు, బోర్డర్లు పట్టవు. ఏది ఎక్కడ, ఏది ఎంత అన్నది మాత్రమే పడుతుంది. అప్పుడు మీరు ఒక్క ప్రశ్న అడగండి: "చూసినవాళ్లు ఒక్కటే గుర్తు పెట్టుకుంటే ఏది గుర్తు పెట్టుకోవాలి?" చాలామంది పిల్లలు మొదట "సూర్యుడు" అంటారు, వాళ్లు చూసిన చార్టుల్లో అన్నిటికన్నా పెద్దగా నవ్వుతూ ఉండేది ఆయనే కాబట్టి. కాసేపు ఆగండి. "నీళ్లు తిరుగుతూనే ఉంటాయి" అన్న మాట వాళ్ల నోటి నుంచే వస్తుంది. అయితే చార్టులో అన్నిటికన్నా పెద్దగా ఉండవలసింది ఆ తిరగడం. అంటే బాణాలు.

అక్కడి నుంచి పని తేలిక. మధ్యలో పెద్ద గుండ్రం, దాని మీద నాలుగు లావు నీలం బాణాలు. బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం, ఇంకడం. పేర్లు నల్లగా, ఒకే సైజులో. సూర్యుడు ఒక మూల చిన్నగా, అదొక్కటే ఎరుపు. అంతే రంగులు. ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. ఇంకిన నీరు తర్వాత ఎటు పోతుంది? బాణం ఎటు తిప్పాలి? బోరు బావికా, నదికా, చెట్టు వేరుకా? సమాధానం తెలియకపోతే గీత సాగదు. అప్పుడు పుస్తకం తెరుస్తారు, లేదా మిమ్మల్ని అడుగుతారు. ఆ వెతుకులాటే ఈ ప్రాజెక్టు ఇవ్వడానికి కారణం. చార్టు మనం చేసి పెట్టినప్పుడు వాళ్ల దగ్గర నుంచి తీసేసుకుంటున్నది సరిగ్గా ఆ పది నిమిషాల్నే.

అన్నీ పెట్టాక కొంచెం దూరంగా నిలబడి కళ్లు సగం మూసి చూడమనండి. అంతా మసకబారినా దేని ఆకారం మిగిలిందో అదే చార్టులో మొదట కనిపించేది. అది బాణాల గుండ్రం అయితే సరే.

ఇదంతా చదివి మీకు రెండు సందేహాలు వచ్చి ఉంటాయి. మొదటిది మార్కులు. నిజమే, మెరిసే చార్టుకి ఎక్కువ మార్కులు పడుతుంటే మీరు మాత్రం ఏం చేస్తారు? ఈ విషయంలో మార్పు బడి వైపు నుంచే రావాలి. చార్టుకి సగం మార్కులు, దాని ముందు నిలబడి రెండు నిమిషాలు చెప్పినదానికి సగం మార్కులు అనే పద్ధతి అన్ని బ్రాంచీల్లోనూ పెట్టాలని నా కోరిక. ఎగ్జిబిషన్లో ప్రింటు తీయించిన ఫ్లెక్సులకి చోటే ఉండకూడదు. కలర్ ప్రింటుకి డబ్బు పెట్టగల ఇల్లు, రాత్రంతా కూర్చోగల అమ్మ ఉన్న ఇల్లు, ఇద్దరూ షిఫ్టుల్లో పనిచేసే ఇల్లు ఒకే వరసలో పోటీ పడకూడదు. పరీక్షల సంగతి అంటారా, ఈ పని అక్కడికీ వెళ్తుంది. పదో తరగతి సైన్సు పేపర్లో గుండె బొమ్మ వేసి భాగాలు గుర్తించమంటారు. పేర్లన్నీ కుడివైపు ఒకే వరసలో రాసి, గీతలు అడ్డంగా, ఒకదాన్నొకటి దాటకుండా లాగిన జవాబు దిద్దేవాళ్లకి ఒక్క చూపులో అందుతుంది. వందల పేపర్లు దిద్దే మనిషికి అది చిన్న సాయం కాదు.

రెండోది, "ఇప్పుడు ఏఐ అడిగితే పోస్టరు చేసి ఇచ్చేస్తుంది కదా" అన్నది. ఇస్తుంది. పది రకాలుగా ఇస్తుంది. తెలుగు అక్షరాలైతే తరచూ వత్తులు ఎగరగొట్టి, లేని అక్షరాలు పుట్టించి ఇస్తుంది. రేపో మాపో అదీ సరిగా వస్తుందనుకుందాం. ఆ పదింటిలో ఏది పనికొస్తుందో, దేంట్లో ముఖ్యమైన మాట మరుగున పడిందో చెప్పవలసింది మీ అమ్మాయే. అగ్గిపెట్టె పెట్టెల్లో మూడు గీసి ఒకటి ఎంచుకోవడం అలవాటున్న పిల్ల ఆ పదింటినీ చూసి మాట్లాడగలదు. అలవాటు లేని పిల్ల మొదటిదాన్నే డౌన్‌లోడ్ చేస్తుంది.

ఉద్యోగం కోసం ఇవన్నీ నేర్పమని నేను అనడం లేదు. డిజైను చదువులు ఉన్నాయి. అహ్మదాబాద్‌లో 1961లో మొదలైన ఎన్ఐడీ పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇప్పుడొక జాతీయ సంస్థ ఉంది. ఐఐటీల్లో డిజైన్ డిగ్రీకి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఆ కోర్సు ఉంది. ఆసక్తి ఉన్నవాళ్లు ఆ దారిలో వెళ్తారు. దయచేసి దీనికి ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ బ్యాచి పెట్టమని మాత్రం అడగకండి. పై తరగతుల్లో డ్రాయింగు పీరియడు ఎలా తగ్గుతూ వస్తుందో మీకు తెలుసు; తగ్గించి మ్యాథ్స్‌కి ఇవ్వమని మీటింగుల్లో అడిగేవాళ్లూ మనలోనే ఉన్నారు. వారానికి ఒక్క పీరియడైనా, పదో తరగతి దాకా, పరీక్ష లేకుండా మిగిలి ఉండాలన్నది ఇక్కడ నేను గట్టిగా చెప్పదలుచుకున్న రెండో మాట.

ఈ నెలకి మీ పని చిన్నది. చార్టు పేపరు, స్కేలు, నీలం, నలుపు స్కెచ్ పెన్నులు, ఒక పెన్సిలు కొనివ్వండి. పక్కన కూర్చోండి, అడిగితే జవాబు చెప్పండి, స్పెల్లింగు చూడండి. చేతులు మాత్రం వెనక్కి కట్టుకోండి. హెడ్డింగు వంకరగా వచ్చినా కొత్త పేపరు తేవద్దు. అగ్గిపెట్టె బొమ్మలు వేసిన ఆ రఫ్ కాగితం పారేయకుండా చార్టు వెనక సెల్లో టేపుతో అంటించి పంపండి. మా బ్రాంచిలో నేను ముందు తిప్పి చూసేది ఆ వెనక వైపునే.